చెక్కని మట్టలు

పోయిన ఏడాది ఈస్టరు ముందు శ్రమల దినాల్లో మా చర్చి సంఘంలోని మగవాళ్ళకి రోషం వచ్చింది. అంతకుముందు అది ఎక్కడ దాక్కుందో నాకు తెలియదు. గుడి కప్పు కారుతుంటే ఆడవాళ్ళం నెత్తిన చెంగులు కప్పుకుని ఆరాధనలో కూర్చున్నప్పుడు రాలేదు. సమాధుల దొడ్డికి వెళ్ళే దారిని పక్క చేలవాళ్ళు గట్టుతో సహా కలిపేసుకుంటే, శవాన్ని మోకాలి లోతు బురదలో మోసుకెళ్ళినప్పుడూ రాలేదు. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు సెల్‌ఫోన్ పట్టుకుని వెక్కిరిస్తే మాత్రం తన్నుకొచ్చింది.

నా పేరు అన్నమ్మ. గుడివాడలో ఒక నర్సింగ్ హోంలో స్టాఫ్ నర్సుని. మా ఊరు పెడన నుంచి గుడివాడ వెళ్ళే రోడ్డు మీద ఉంది. మా ఆయన శామ్యూల్ రాజ్ ఇన్సూరెన్స్ ఏజెంటు, పైగా మా సంఘానికి సెక్రటరీ. చావు గురించి ఆయనంత తియ్యగా మాట్లాడే మనిషిని నేనింకొకర్ని చూడలేదు. ఊళ్ళో సగం పాలసీలు ఆయన చేతి మీదుగా పోయినవే. ఎవరితోనూ మాట పడడు, ఎవర్నీ ఒక మాట అనడు. అలాంటి మనిషి చేతి మీదుగానే ఇదంతా జరిగింది.

వెక్కిరించిన కుర్రాడు తేజ. రెండు వీధుల అవతల ఉండే రావమ్మ కొడుకు. రావమ్మ మొగుడు పోయినప్పటినుంచి పెడనలో కలంకారీ అద్దకం పనికి వెళ్తుంది. పొద్దున్నే ఇద్దరం ఒకే చోట బస్సు కోసం నిలబడతాం, ఆమె అటు, నేను ఇటు. నన్ను వదినా అంటుంది. కరక్కాయ నీళ్ళలో నాని నాని ఆమె గోళ్ళు ఎప్పుడూ పసుప్పచ్చగానే ఉంటాయి. ఆ చేతుల కష్టంతో కొడుకుని ఇంజనీరింగులో చేర్పిస్తే, వాడు మూడో ఏడు మానేసి వచ్చి ఛానెల్ పెట్టాడు. ధర్మాన్ని కాపాడుతున్నానంటాడు. తల్లి ఒక్కతే మోపిదేవి మొక్కుకి వెళ్తుంటే, తోడు రావడానికి నిద్ర లేవని సన్నాసి వాడు.

మొదట మా పాస్టరు అయ్యగారిలా వేషం వేసి, బకెట్ నీళ్ళతో స్వస్థతలు చేసే వీడియో పెట్టాడు. తర్వాత మేమంతా బియ్యం బస్తాకి మతం మారినవాళ్ళమని ఒకటి పెట్టాడు. మా మావగారి నాన్న బాప్తీస్మం తీసుకునే నాటికి వాళ్ళ చేతికి బియ్యం ఇచ్చినవాడెవడూ లేడు, దోసిట్లో నీళ్ళు పోసినవాడు కూడా లేడు. ఆ సంగతి వాడికెవరు చెప్తారు, చెప్తే వింటాడా. మూడో వీడియో మా అత్తగారి మీద చేశాడు.

మా అత్తగారు దేవమ్మకి ఎనభై దాటాయి. వణుకుడు జబ్బు. తినిపించేదీ స్నానం చేయించేదీ నేనే. తేజ తెల్ల చీర కట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని, చేతులూ తలా వణికిస్తూ, "ఆత్మ వచ్చింది, ఆత్మ వచ్చింది, నా బియ్యం బస్తా ఎక్కడరా?" అని గంతులేశాడు. ఊళ్ళో అందరికీ అది ఎవరో తెలుసు. మా ఆయన అన్నం తింటూ చూసి కంచం తోసేశాడు. నాకూ ఒళ్ళు మండిపోయింది.

"ఏదీ, నన్నూ చూడనియ్యండే," అంది మా అత్తగారు.

వద్దన్నా వినలేదు. ఫోన్ నేను పట్టుకుంటే రెండుసార్లు చూసింది. బోసినోటితో నవ్వింది.

"కళ్ళజోడు తలకిందులుగా పెట్టుకున్నాడే, దొంగ వెధవ. చెయ్యి వణకడం మాత్రం బాగానే పట్టాడు."

"అమ్మా! నిన్ను అవమానం చేస్తుంటే నవ్వుతావేంటి?" అన్నాడు మా ఆయన.

"నాకు వణుకుడున్న మాట నిజమేగదరా. వాడేమన్నా కొత్తగా పుట్టించాడా?"

"నీకు తెలీదులే," అని ఆయన చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. అవమానం పడ్డ మనిషి నాకొద్దురా అంటుంటే, ఆయన అది తన చంకన పెట్టుకుని ఊరంతా తిరిగాడు.

నేను ఊరుకోలేక ఆ సాయంత్రమే రావమ్మ ఇంటికి వెళ్ళాను. నన్ను చూడగానే ఆమెకి విషయం అర్థమైంది. "నన్ను చెప్పుచ్చుకు కొట్టు వదినా. వాడు నా మాట వినే ఈడు దాటిపోయాడు," అంటూ కళ్ళు తుడుచుకుంది. తేజ లోపల్నుంచి ఫోన్ చూసుకుంటూనే వచ్చాడు.

"కోపం వచ్చిందా ఆంటీ? కింద కామెంట్ పెట్టండి."

"కామెంట్ నీ చెంప మీద పెడతాను."

వాడు తలెత్తి నవ్వాడు. "పెట్టండి ఆంటీ, ప్లీజ్. మీవాళ్ళు ఒక్క దెబ్బ కొడితే చాలు, నా ఛానెల్ ఎక్కడికో పోతుంది. మూడు వీడియోలు పెట్టినా ఒక్కడికీ చీమ కుట్టలేదు. ఏం మనుషులండీ మీరు?"

వాడికి కావల్సింది అదే. ఫోన్లో చక్కగా కనబడేటట్టు, మర్నాటికి మానిపోయేటట్టు ఓ దెబ్బ. దెబ్బ కొట్టేవాడు కూడా తను అనుకున్నంతే కొడతాడని వాడి నమ్మకం. ఇంత తెలివితక్కువ వెధవ కోసమా రావమ్మ గోళ్ళు పచ్చబడ్డాయి అనుకుంటూ ఇంటికి వచ్చాను.

ప్రభువు గాడిద మీద ఊరేగిన రోజని మేం చేసుకునే మట్టల ఆదివారం ఇంకో వారం ఉందనగా వాడు ఇంకో వీడియో వదిలాడు. గుడివాడలో గాడిదపాలు అమ్మేవాళ్ళు దిగారని, వాళ్ళ దగ్గర ఒక గాడిదని బాడుగకి మాట్లాడానని, ఆదివారం ఊరేగింపుకి మా దేవుణ్ణి తనే దాని మీద ఊరేగిస్తానని చెప్పాడు. "రెడీగా ఉండండి తమ్ముళ్ళూ," అని చివర్లో కన్ను కొట్టాడు.

గురువారం సాయంత్రం ప్రార్థన కూటం మా ఇంట్లోనే. ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళు వెళ్ళిపోయారు. అయ్యగారూ, మా ఆయనా, ఇంకో ఎనిమిదిమంది మగవాళ్ళూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. నేను టీ పెట్టాను.

"ఒక చెంప మీద కొడితే రెండోది చూపించమన్నారు ప్రభువు. అది మనం మర్చిపోకూడదు," అన్నారు అయ్యగారు. కాసేపాగి, "అయితే దేవాలయంలో వ్యాపారం చేసేవాళ్ళని కొరడా పట్టుకుని తరిమింది కూడా ఆయనే," అన్నారు. ఇంకాసేపాగి, "నేనేమీ చెప్పడం లేదు సుమండీ. మీరు పెద్దవాళ్ళు. ప్రార్థన చేసుకుని ఎలా నడిపింపు వస్తే అలా చెయ్యండి," అన్నారు.

ఏమీ చెప్పకుండా అంతా చెప్పడం ఆయనకి వచ్చినంత బాగా ఇంకెవరికీ రాదు. రేపెవరైనా నిలదీస్తే ప్రతి మాటకీ తప్పుకునే దారి ఉంది.

"ముందుగా పోలీసులకి ఒక కాగితం ఇస్తే సరిపోతుంది కదండీ," అన్నాను నేను. "వాడే వస్తానని వీడియోలో చెప్పాడుగా. ఇద్దరు కానిస్టేబుల్స్ నిలబడితే వాడు గాడిదతో సహా పారిపోతాడు."

మా ఆయన నా వైపు చూడకుండా, "అయ్యగారికి టీ పొయ్యి," అన్నాడు. పోశాను.

మా సంఘంలో మట్టల ఆదివారానికి తాటిమట్టలు వాడతాం. కాలవ గట్టు మీద చెట్లకి కొదవ లేదు. తాటిమట్ట అంచు చూసినవాళ్ళకి తెలుస్తుంది, రెండువైపులా నల్లటి పళ్ళతో రంపంలా ఉంటుంది. పదిహేనేళ్ళ కిందట ఊరేగింపులో ఒక పాప చెంప చీరుకుపోయింది. అప్పటినుంచీ అంచులు చెక్కకుండా ఎవరి చేతికీ మట్ట ఇవ్వకూడదని మా ఆయనే తీర్మానం రాశాడు. ప్రతి ఏడూ శనివారం మధ్యాహ్నం గుడి వెనక చాప వేసుకుని మేమిద్దరం కత్తులతో కూర్చుంటాం. చెక్కి, చేత్తో తడిమి చూసి, పక్కన పేరుస్తాం.

ఆ శనివారం డ్యూటీ దిగి నేను వెళ్ళేసరికి చాప మీద ఆడవాళ్ళవీ పిల్లలవీ మట్టలు ఉన్నాయి. మా ఆయన సగం చెక్కేశాడు. గోడకి ఆనించి విడిగా ఇంకో తొమ్మిది మట్టలున్నాయి. ముదురు మట్టలు, నా భుజం ఎత్తున ఉన్నాయి. ఒక్కదానికీ అంచు చెక్కలేదు. కొసన ఆకు మాత్రం గుప్పెడంత ఉంచి కోసేశారు.

"ఇవేంటి?" అన్నాను.

"మగవాళ్ళవి."

"చెక్కలేదేం?"

"పెద్దవాళ్ళకెందుకులే. టైం లేదు."

ఆకు కొయ్యడానికి టైం ఉంది. మట్టల ఆదివారం నాడు ఊపాల్సింది ఆకు. ఆకు కోసేసి మట్ట పొడుగు ఉంచుకునేవాడికి దాంతో పాట పాడే ఉద్దేశం ఉండదు. ఆయన వంచిన తల ఎత్తలేదు. ఇరవై ఆరేళ్ళ కాపురం చేశాను, ఆయన తల ఎప్పుడు ఎందుకు వంచుతాడో నాకు తెలుసు. నేను చాప మీద కూర్చుని పిల్లల మట్టలు తీసుకున్నాను. ఒక్కొక్కదాన్నీ నున్నగా చెక్కాను. ఎండ తగ్గేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఆదివారం ఎనిమిదింటికి ఊరేగింపు గుడి దగ్గర బయల్దేరింది. ముందు తెల్ల బట్టల్లో పిల్లలు, తర్వాత ఆడవాళ్ళం, మా పక్కగా మగవాళ్ళు. పాడుకుంటూ పెద్ద వీధిలోకి తిరిగేసరికి తేజ ఎదురొచ్చాడు. తెల్ల దుప్పటి, అట్టగడ్డం, విగ్గు, నెత్తిన ప్లాస్టిక్ కిరీటం. గాడిద మెడలో చిన్న స్పీకరు పెట్టె వేలాడుతోంది. ఒక చేత్తో కర్రకి తగిలించిన ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

"నా ప్రియమైన బియ్యం బస్తాలారా! నేను వచ్చేశాను!"

పిల్లలు మొదట నవ్వారు. గాడిదని చూసి నవ్వారు, అంతే. పెద్దవాళ్ళు ఏడుస్తుంటే వాళ్ళూ ఆపేశారు. వాడు గాడిద దిగి, మా అత్తగారిలా వణుకుతూ మా ముందు నడవడం మొదలుపెట్టాడు. ముసలమ్మలు చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ మాట దాచను, వాడు చేసింది పాడు పని. తెలిసి, కావాలని, ఏడిపించడానికే చేశాడు.

మొదటి దెబ్బ వాడి వీపు మీద పడింది. నాకు హాయిగా అనిపించింది. నిజం చెప్తున్నాను, గుండెల మీదనుంచి బరువు తీసినట్టు అనిపించింది. రెండోది, మూడోది పడ్డాయి. వాడు కింద కూర్చుండిపోయి కూడా ఫోన్ పైకెత్తి, "కొట్టండి, లైవ్‌లో ఉంది, కొట్టండి!" అని అరిచాడు. ఎవరో ఫోన్ని తన్నారు. అది రోడ్డు మీద బోర్లా పడింది. అది పడ్డాకే మా ఆయన ముందుకొచ్చాడు. ఆయన పైనుంచి కొట్టలేదు. మట్ట అంచు వాడి మొహం మీద ఆనించి అడ్డంగా లాగాడు.

తేజ అరుపు విని పాట మొత్తం ఆగిపోయింది. నేను పరిగెత్తి నా చెంగు వాడి మొహానికి అదిమి పెట్టాను. ముప్ఫై ఏళ్ళుగా దెబ్బలకి కట్లు కడుతున్న చేతులు నావి. కుడి కన్ను ఇక లేదని ఆ రోడ్డు మీదే తెలిసిపోయింది. రావమ్మని ఎవరో పిలుచుకొచ్చారు. ఆటోలో కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని, "చూపు వస్తుంది కదా వదినా? వస్తుంది కదా?" అంటూనే ఉంది. గుడివాడ వచ్చేదాకా నేను రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాను.

గుడివాడ నుంచి విజయవాడ పంపారు. కన్ను తీసేశారు.

తర్వాతి రెండు రోజుల్లో నేను చూసిన మగధీరుల గురించి చెప్పాలి. తేజ ఛానెల్‌కి వెనక నిలబడతామన్న నాయకుడు రామ్‌ప్రసాద్ గారు ఆరుగురిని వెంటేసుకుని తెల్ల కారులో ఆసుపత్రికి వచ్చాడు. స్పృహ సరిగ్గా లేని కుర్రాడి మీద శాలువా కప్పాడు. "కట్టు ఇటు తిప్పండమ్మా, ఫోటోలో పడాలి," అని నర్సుకి చెప్పాడు. రావమ్మ ఆపరేషన్ కాగితాలు చేత్తో పట్టుకుని, ఇవేంటో చెప్పండి బాబూ అంటుంటే, మీటింగుందని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ కాగితాలు రావమ్మకి చదివి చెప్పింది నేను.

మావాళ్ళు ఇంకా గొప్పవాళ్ళు. ఆదివారం సాయంత్రమే మట్టలన్నీ గుడి వెనక కాల్చేశారు. వచ్చే ఏడాది బూడిద బుధవారం నాడు నుదుట పెట్టడానికి బూడిద కావాలట. అంత ముందుచూపు మా సంఘానికి ఎప్పుడూ లేదు.

అప్పటికి రెండువైపులా స్టేషన్‌లో కేసులు పెట్టుకున్నారు, బుధవారం రాజీ అన్నారు. మాజీ సర్పంచి రత్తయ్య గారి అరుగు మీద అయ్యగారూ, కమిటీవాళ్ళూ, రామ్‌ప్రసాద్ తరఫున వచ్చిన ఇద్దరూ కూర్చున్నారు. రావమ్మని ఒక మూల ముక్కాలిపీట మీద కూర్చోబెట్టారు.

"రెచ్చగొట్టడం వాడి తప్పు, చెయ్యి చేసుకోవడం వీళ్ళ తప్పు," అన్నాడు రత్తయ్య గారు. "దానికీ దీనికీ చెల్లు. ఎవరి కేసు వాళ్ళు తీసేసుకుంటే ఊరు ప్రశాంతంగా ఉంటుంది."

"చెల్లేంటండీ?" అన్నాను. "వీళ్ళకి మనసు నొచ్చింది, వాడికి కన్ను పోయింది. ఏ తక్కెట్లో తూచారు?"

"అన్నమ్మా, నువ్వూరుకో," అన్నాడు మా ఆయన.

"సిస్టర్ గారూ, ఆవేశంలో జరిగిందమ్మా," అన్నారు అయ్యగారు. "విశ్వాసం దెబ్బతిన్నప్పుడు మనిషి తన వశంలో ఉండడు. చేసింది మనవాళ్ళే అయినా, చేయించింది ఆ అబ్బాయే."

అందరూ తలలూపారు. రామ్‌ప్రసాద్ మనుషులు కూడా ఊపారు. తలలూపే దగ్గర మాత్రం రెండు మతాలకీ తేడా లేదు. రావమ్మ ఒక్కతే తల ఊపకుండా నా వంక చూసింది. "ఎవరు కొట్టారో నాకు తెలియాలండీ. నా కొడుకు తప్పు చేశాడు, కాదనను. కన్ను ఎవరు తీశారో చెప్పమనండి," అంది. ఎవరూ చెప్పలేదు. అక్కడ నేనూ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం ఎస్సై దుర్గాభవాని గారు మా నర్సింగ్ హోంకి వచ్చారు. చిన్న వయసు, నెమ్మదైన మనిషి. "కన్ను పోయిన దెబ్బ దగ్గర వీడియోలో గొంతులు తప్ప మొహాల్లేవండీ. అడిగినవాళ్ళంతా గుంపులో ఎవరో అంటున్నారు," అన్నారు. "అప్పటికప్పుడు ఆవేశంలో కొట్టారా, ముందే అనుకుని వచ్చారా, కేసంతా అక్కడే ఉంది. మొదటిదైతే చిన్న శిక్షతో పోతుంది. రెండోదైతే ఏళ్ళు పడతాయి. మీరు పక్కనే ఉన్నారు. మీకేం తెలుసు?"

"రేపు వచ్చి చెప్తాను మేడం," అన్నాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. ఎస్సై వచ్చిన సంగతి ఆయనకి అప్పటికే తెలిసిపోయింది.

"ఏం చెప్పావ్?"

"ఇంకా ఏం చెప్పలేదు. రేపు మట్టల సంగతి చెప్తాను."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "వాడు మా అమ్మని నడివీధిలో ఆడించాడు. నేను కొడుకుని కానా? నాకు రక్తం లేదా?"

మంచం మీదనుంచి మా అత్తగారు అంది, "నన్నడిగావట్రా? వాడి కన్ను తీసి రమ్మని నేనెప్పుడు చెప్పాను? కాటికి కాళ్ళు చాపుకున్నదాన్ని, పోయేముందు నా పేరు మీద ఇదా?"

"నీకు తెలీదమ్మా. రెచ్చగొట్టాడు. రెచ్చిపోయాను."

"రెచ్చిపోయినవాడు ముందురోజే కూర్చుని ఆకు కత్తిరించుకోడండీ," అన్నాను. "ఫోన్ పడిపోయేదాకా ఆగి మరీ రాడు."

ఆయన నెమ్మదిగా, పాలసీ గురించి చెప్పేటప్పటి గొంతుతోనే అడిగాడు. "శనివారం నువ్వు చూశావుగా అన్నమ్మా. అర్థమైందిగా. మరి అప్పుడెందుకు నోరు మెదపలేదు?"

ఇరవై ఆరేళ్ళలో ఆయన నన్ను అడిగిన ఒకే ఒక్క సరైన ప్రశ్న అది. నేను లోపలికి వెళ్ళి మా అత్తగారికి గంజి కలిపాను.

మర్నాడు స్టేషన్‌కి వెళ్ళాను. పేర్లతో సహా చెప్పాను. గురువారం కూటం, అయ్యగారి మాటలు, తొమ్మిది మట్టలు, కోసేసిన ఆకు, ఆ లాగిన దెబ్బ. ఎస్సై గారు మా ఆయన పేరు దగ్గర పెన్ను ఆపి, "ఇంకోసారి ఆలోచించుకుంటారా?" అన్నారు.

"రాయండి. నేను శనివారం చూసి ఊరుకున్నానని కూడా రాయండి."

"దానికి మీ మీద కేసేం ఉండదండీ."

"తెలుసు మేడం. అయినా రాయండి."

సాయంత్రానికి మా ఆయన్నీ ఇంకో ఎనిమిదిమందినీ తీసుకెళ్ళారు. మర్నాడు, ప్రభువుని సిలువ వేసిన మంచి శుక్రవారం ఆరాధనలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. అయ్యగారు తన ప్రసంగంలో ప్రభువుని పట్టిచ్చిన యూదా గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు, మధ్యమధ్యలో నా బెంచీ వైపు చూశారు. నాకు నవ్వొచ్చింది. కొరడా మాట ఎత్తిన మనిషి బయటే ఉన్నాడు, దాన్ని నమ్మి మట్ట పట్టుకున్నవాళ్ళు జైల్లో ఉన్నారు. ఆయన మాటల్లో పట్టుకోవడానికి ఏమీ దొరకలేదని ఎస్సై గారే చెప్పారు.

తేజని విజయవాడ నుంచి తెచ్చాక, నాలుగో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. కన్ను తీసినచోట శుభ్రం చెయ్యడం రావమ్మకి చేతకాదని తెలుసు. నిజం చెప్పాలంటే అందుకోసమే వెళ్ళలేదు. మొగుణ్ణి జైలుకి పంపినదాన్ని, ఊళ్ళో ఒక్క మనిషైనా నన్ను మెచ్చుకోవాలనిపించింది.

తేజ మంచం మీద ఒరిగి కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. "ఆంటీ, మీ ఆయన పేరు మీరే చెప్పారంటగా. సూపర్. ఒక ఇంటర్వ్యూ చేద్దాం, పది నిమిషాలు చాలు. మీరు ఏడిస్తే బాగుంటుంది."

కన్ను పోయినా వీడికి బుద్ధి రాలేదు. రావాలని రూలేం లేదుగా. రావమ్మ వాడి చేతిలోంచి ఫోన్ లాక్కుని బీరువాలో పడేసి తాళం వేసింది. నేను వాడి తల వెనక్కి వంచి, దూది తడిపి తుడిచి, ఆయింట్‌మెంట్ రాశాను. వాడు మొదటిసారి కిక్కురుమనకుండా ఉన్నాడు. ఆ వైపునుంచి నా చెయ్యి ఎప్పుడు వస్తోందో కనబడక, మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు.

నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి రావమ్మ వసారాలో నిలబడి ఉంది. థాంక్స్ చెప్తుందనుకున్నాను.

"వదినా, స్టేషన్‌లో నువ్వు చెప్పింది నాకు చదివి వినిపించారు," అంది. "శనివారం మధ్యాహ్నమే నీకు తెలుసట."

"అవును."

"రెండు వీధులు. మా ఇంటికి వచ్చి ఒక్క మాట చెప్తే, వాణ్ణి గదిలో పెట్టి గొళ్ళెం పెట్టేదాన్ని కదా. తిట్టేవాడు, తలుపులు బాదేవాడు. ఆ ఒక్క పూట పడేదాన్ని కదా వదినా."

అయ్యగారిలా నాకూ ఒక మాట దొరికేది. ఇంత జరుగుతుందనుకోలేదు అనొచ్చు. భయమేసింది అనొచ్చు. అలాంటి మాటలు ఇన్నాళ్ళుగా చెవులు చిల్లులు పడేలా విన్నాను.

"వాడికి నాలుగు దెబ్బలు పడితే బాగుండునని నాకూ ఉంది రావమ్మా," అన్నాను. "అందుకే రాలేదు."

ఆమె అరవలేదు, ఏడవలేదు. చెయ్యి చాపి నా చేతిలోని ఆయింట్‌మెంట్ ట్యూబ్ తీసుకుంది.

"ఎలా రాయాలో చూశాను. ఇక నేనే రాసుకుంటాను," అంది. "నువ్వు రావద్దు."